విరేచనాలకు ప్రతిసారీ యాంటీబయాటిక్ వద్దు



బిడ్డకు నీళ్ల విరేచనాలు మొదలైతే కొడకండ్ల చుట్టుపక్కల పల్లెల్లో, తండాల్లో చాలామంది ఏం చేస్తారు? నిరుడు పెద్దబిడ్డకు తెచ్చి మిగిల్చిన సిరప్ తాగిస్తారు. లేదంటే మందుల షాపులో అడిగి ఏదో యాంటీబయాటిక్ తెస్తారు. ఒక పూట తగ్గితే ఆపేస్తారు. మూడో రోజు బిడ్డను భుజాన వేసుకుని ఆసుపత్రికి వస్తారు. అప్పటికే కళ్లు గుంటలు పడి, నాలుక ఎండిపోయి ఉంటుంది. సంచిలో రెండు మూడు సీసాలు ఉంటాయి గాని, ఓ.ఆర్.ఎస్. పొట్లం ఒక్కటీ ఉండదు.

మందు ఎందుకు పనిచేయదు?

చిన్నపిల్లల నీళ్ల విరేచనాలకు ఎక్కువగా కారణం రోటా వంటి వైరస్‌లు. యాంటీబయాటిక్ వైరస్‌ను చంపలేదు. అనవసరంగా వేస్తే కడుపులోని మేలు చేసే క్రిములు చస్తాయి, మందును తట్టుకున్న మొండి క్రిములు మిగిలి పెరుగుతాయి. అవి మలం, చేతులు, నీళ్ల ద్వారా ఇంట్లోని ఇంకో బిడ్డకు చేరతాయి.

రక్త విరేచనాలు కలిగించే షిగెల్లా అనే బాక్టీరియాకు మాత్రం మందు కావాలి. కానీ ఆ క్రిమే మొండిగా మారుతోంది. అది ఒకేసారి అనేక మందులకు లొంగకపోవడం, ఆ గుణాన్ని ఇతర క్రిములకు కూడా అందించడం 1950లలోనే జపాన్‌లో గమనించారు. మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1948లో అందించిన ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ జాతిలో మొదటి మందు. నేడు చాలా షిగెల్లా క్రిములు ఆ జాతి మందులకు లొంగవు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, కొత్త మందులు కావలసిన క్రిముల జాబితాలో మొండి షిగెల్లాను చేర్చింది.

ఇంట్లో మీరు చేయవలసినవి:

1. ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని, దాని మీద రాసినన్ని కాచి చల్లార్చిన నీళ్లలో కలపండి. విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్లలోపు వారికి 50 నుండి 100 మి.లీ., పెద్దపిల్లలకు 100 నుండి 200 మి.లీ. చెంచాతో కొద్దికొద్దిగా తాగించండి. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి.
2. తల్లిపాలు ఆపవద్దు. అన్నం తినే పిల్లలకు గంజి, మజ్జిగ, మెత్తని అన్నం పెట్టండి.
3. జింకు మాత్ర 14 రోజులు వేయండి. రెండు నుండి ఆరు నెలల బిడ్డకు 10 మి.గ్రా., ఆ పైవారికి 20 మి.గ్రా. విరేచనాలు తగ్గినా మధ్యలో ఆపవద్దు.
4. దొడ్డికి వెళ్లి వచ్చాక, బిడ్డను కడిగాక, వంటకు ముందు సబ్బుతో చేతులు కడగండి.
5. రోటా వైరస్ టీకా చుక్కలు 6, 10, 14 వారాలకు తప్పక వేయించండి.

వెంటనే ఆసుపత్రికి తీసుకురండి:

మలంలో రక్తం పడినా, బిడ్డ తాగలేకపోయినా, మత్తుగా పడి ఉన్నా, మూత్రం రాకపోయినా, తాగినదంతా వాంతి చేసుకున్నా ఆలస్యం చేయవద్దు. డాక్టరు గారు యాంటీబయాటిక్ రాస్తే, చెప్పిన మోతాదులో చెప్పినన్ని రోజులు వేయండి. మిగిలిన మందు ఇంకొకరికి ఇవ్వవద్దు.

ఈరోజు అనవసరంగా వేయని మందే రేపు మీ బిడ్డ ప్రాణానికి అక్కరకు వస్తుంది. దేవుడు మీ పిల్లలను కాపాడును గాక.