పాత మారుతి 800కి కొత్త బాల్ జాయింట్లు

స్పీడ్ బ్రేకర్ దిగగానే ముందు చక్రం దగ్గర ‘టక్’మంటుంది. గుంతల రోడ్డెక్కితే అదే చప్పుడు ఆగకుండా వస్తుంది. స్టీరింగ్ కొంచెం వదులుగా అనిపిస్తుంది, టైరు ఒక అంచునే అరుగుతుంది. ఇవన్నీ కనిపించగానే చాలామంది షాక్ అబ్జార్బర్లు పోయాయనుకుని ముందు వాటికి డబ్బు పోస్తారు. అసలు దొంగ చాలాసార్లు ఇంకా కింద, లోయర్ ఆర్మ్ చివరి బాల్ జాయింటులో ఉంటాడు.

మారుతి 800 తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది. అంటే ఇప్పుడు తిరుగుతున్న వాటిలో అన్నిటికన్నా కొత్త బండికీ పదేళ్లు దాటాయి. అన్నేళ్ల బండిలో బాల్ జాయింటు అరగడం వింతేమీ కాదు. ఇది మన తుంటి కీలు లాంటిది. గిన్నెలో బంతి ఉంటుంది, చుట్టూ గ్రీజు, పైన రబ్బరు బూటు. బూటు చిరిగిందంటే గ్రీజు బయటికి కారిపోతుంది, వాన నీళ్లూ ఇసుకా లోపలికి చేరతాయి. అరుగుదల బాగా ముదిరితే బంతి గిన్నెలోంచి ఊడి వస్తుంది. నడుస్తున్న బండిలో అలా జరిగితే చక్రం పక్కకి వాలిపోతుంది, స్టీరింగ్ పనిచేయదు. అందుకే ఈ చప్పుడుతో నెలల తరబడి నెట్టుకురావడం మంచిది కాదు.

విప్పే ముందు దొంగ అదేనని తేల్చుకోవాలి. చక్రాన్ని గాల్లోకి లేపి, పైనా కిందా పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. లూజు తెలిస్తే ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కగానే లూజు పోతే అది వీల్ బేరింగుది. అప్పటికీ ఉంటే చూపు బాల్ జాయింటు వైపు తిప్పండి. ఆర్మ్‌కీ, చక్రాన్ని మోసే నకిల్‌కీ మధ్య చిన్న గునపం పెట్టి మెల్లగా ఎత్తితే జాయింటు కదలడం కంటికే కనిపిస్తుంది. చక్రాన్ని కుడి ఎడమల పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే లూజుంటే అది టై రాడ్ ఎండ్ సంగతి కావచ్చు.

సామాను రెండు రకాలుగా దొరుకుతుంది: జాయింటు ఒక్కటే, లేదా జాయింటూ, లోపలి చివరి రబ్బరు బుష్షూ కలిపి మొత్తం ఆర్మ్. ధరలో తేడా ఉంటుంది, అయినా నా ఓటు మొత్తం ఆర్మ్‌కే. పాత ఆర్మ్‌లోంచి జాయింటును తీసి కొత్తది ఎక్కించాలంటే ప్రెస్ ఉండాలి. సుత్తితో కొట్టి ఎక్కిస్తే ఆర్మ్ కన్ను సాగుతుంది, జాయింటు గట్టిగా కూర్చోదు. పైగా అన్నేళ్లు పనిచేసిన బుష్షు పాతదే మిగిలిపోతుంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో కొనేటప్పుడు బూటును చేత్తో తడిమి చూడండి, ఎక్కడా చీలిక ఉండకూడదు. కొత్త జాయింటు తల బిగుతుగా తిరుగుతుంది, దానికి కంగారు పడక్కర్లేదు. రెండు వైపులకీ ఒకేసారి కొనండి. ఒకటి అరిగిందంటే రెండోది కూడా అన్నే కిలోమీటర్లు తిరిగింది.

పనికి ముందు రోజు రాత్రే బోల్టులన్నిటికీ తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. పొద్దున్నే వెనక చక్రాలకి అడ్డు పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, చక్రం నట్లను నేల మీదుండగానే కొంచెం వదులు చేయండి. ముందు భాగం మొత్తం లేపి రెండు వైపులా జాకీ స్టాండ్లు పెట్టండి. ఒక్క వైపే లేపితే రెండు ఆర్మ్‌లనీ కలిపే స్టెబిలైజర్ బార్ మెలిపడి, విప్పేటప్పుడు ఎదురు తంతుంది. ఇటుకల మీదా, ఒట్టి జాకీ మీదా ఉన్న బండి కిందికి మాత్రం దూరకండి.

చక్రం తీశాక నకిల్ కింద జాయింటు కాడను పట్టి ఉంచే బోల్టు కనిపిస్తుంది. సగం పని దీనితోనే. కాడకి ఒక గాడి ఉంటుంది, బోల్టు ఆ గాడిలోంచే దూరి వెళ్తుంది. కాబట్టి వదులు చేస్తే చాలదు, పూర్తిగా బయటికి లాగాలి. బోల్టు లోపలే ఉందని మరిచి సుత్తికి పనిచెబితే పాడయ్యేది నకిల్. బోల్టు వచ్చాక నకిల్ చీలికలో ఉలిని కొంచెమే దూర్చి నోరు తెరిపించండి. ఆర్మ్ మీద గునపం వేసి కిందికి నొక్కితే కాడ జారి వస్తుంది. అప్పుడు నకిల్‌ను బయటికి ఎక్కువగా లాగకండి, యాక్సిల్ లోపలి జాయింటు ఊడొచ్చు. బ్రేకు హోస్ మీద బరువు పడకుండా తీగతో పైకి కట్టేయండి.

స్టెబిలైజర్ బార్ చివరి నట్టు తీసేటప్పుడు వాషర్లూ రబ్బర్లూ ఏ వరుసలో, ఏ ముఖంగా ఉన్నాయో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. తర్వాత లోపలి బుష్షు బోల్టు తీస్తే ఆర్మ్ చేతికొస్తుంది.

నకిల్ కన్నాన్ని వైర్ బ్రష్‌తో రుద్ది, కొత్త ఆర్మ్‌ను ఎక్కించండి, వాషర్లూ రబ్బర్లూ ఫొటోలో ఉన్న వరుసలోనే రావాలి. కాడ గాడి బోల్టు రంధ్రానికి ఎదురుగా వచ్చిందో లేదో చూసుకోవాలి. బోల్టు చేత్తోనే దూరాలి. దూరకపోతే కాడ పూర్తిగా లోపలికి వెళ్లలేదని అర్థం. నకిల్ బోల్టూ నట్టూ కొత్తవి వేసి, మాన్యువల్ చెప్పిన బిగింపు టార్క్ పానాతో ఇవ్వండి.

లోపలి బుష్షు బోల్టును మాత్రం గాల్లో పూర్తిగా బిగించకండి. చాలా షెడ్లలో తప్పు జరిగేది ఇక్కడే. బుష్షు రబ్బరు జారదు, మెలిపడుతుంది. చక్రం వేలాడుతుండగా బిగిస్తే ఆ స్థితే దానికి మామూలైపోతుంది. బండి నేలకి దిగగానే రబ్బరు ఎప్పుడూ మెలికలోనే ఉండి, కొన్నాళ్లకే చిరిగిపోతుంది. చక్రాలు పెట్టి, బండి దించి, ముందు భాగాన్ని రెండు మూడుసార్లు నొక్కి వదిలి, అప్పుడు బిగించాలి. దానికి పిట్ ఉన్న చోటు మంచిది.

అన్ని బండ్లకీ ఇదే అమరిక ఉండదు. కొన్నిటిలో జాయింటు కాడ కోసుగా ఉండి, పైన కాటర్ పిన్ను ఉన్న నట్టు ఉంటుంది. అక్కడ పిన్ను రంధ్రం కలవకపోతే నట్టు ఇంకొంచెం బిగించాలి గానీ వెనక్కి తిప్పకూడదు.

పనైన వెంటనే వీల్ అలైన్‌మెంట్ చేయించండి. కొన్ని రోజులు తిరిగాక బోల్టులన్నీ మరోసారి పానా పెట్టి చూసుకోండి. టార్క్ పానా, జాకీ స్టాండ్లు లేకపోతే ఈ పని ఇంట్లో పెట్టుకోకండి. మెకానిక్ దగ్గరికే తీసుకెళ్లండి, బుష్షు బోల్టు ఎప్పుడు బిగిస్తున్నాడో పక్కన నిలబడి చూడండి.