సాగరతీరమున ఖైరతాబాదు - దాని కట్టడములు

హైదరాబాదు నగరమును గూర్చి వ్రాయువారెల్లరు సాధారణముగా చార్మినారుతో ఆరంభింతురు. చార్మినారు నిర్మాణమునకు (1591) దాదాపు ముప్పది ఏండ్లకు పూర్వమే మూసీనదికి ఉత్తరమున ఒక పెద్ద చెరువు వెలసియుండెనను విషయమును పలువురు మరతురు. గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున, 1562 ప్రాంతమున, హజ్రత్ హుసేన్ షా వలీ పర్యవేక్షణలో కట్ట వేయింపబడిన ఆ జలాశయమే హుసేన్ సాగరము. నగరము పుట్టకమున్నే నగరమునకు వలసిన నీరు సిద్ధమైనదన్నమాట. ఉస్మాన్ సాగరము (1920), హిమాయత్ సాగరము (1927) ఏర్పడు వరకు నగరవాసుల దాహము తీర్చినది ప్రధానముగా ఈ చెరువే. నేడు ఆ నీరు త్రాగదగినది కాదు. అది వేరొక వ్యాసమునకు విషయము.

ఈ చెరువునకు నైరుతి దిక్కున ఉన్న పేట ఖైరతాబాదు. ఆరవ సుల్తాను ముహమ్మద్ కుతుబ్‌షా కుమార్తె ఖైరతున్నిసా బేగము పేర ఇది వెలసినదని ప్రసిద్ధి. ఆమె తన గురువైన అఖుంద్ ముల్లా అబ్దుల్ మలిక్ కొరకు 1626లో ఇచట ఒక మసీదును కట్టించినది. రాజుల పేర, రాణుల పేర వెలసిన కట్టడములు మనకు చాల కలవు. ఒక విద్యార్థిని తన ఉపాధ్యాయుని కొరకు కట్టించినవి ఎన్ని? కళాశాల పత్రికలో ఈ మసీదును ముందుగా పేర్కొనుటకు ఇంతకంటె కారణము అక్కరలేదు.

మసీదు ఎత్తయిన వేదికపై నిలిచియున్నది. ముఖభాగమున మూడు కమానులు, వాని కిరుప్రక్కల సన్నని మీనారులు. మీనారులపై జాలీపని యుండుటచే అవి ఉన్న ఎత్తుకంటె ఎక్కువ ఎత్తుగా తోచును. కుతుబ్‌షాహీల పనితనమున గమనింపదగిన గుణమిదియే. కట్టడము చిన్నదైనను చూపరులకు చిన్నదిగా కనబడదు.

ఇట్టి కట్టడములు ఎట్లు నిలిచినవి? ఈ ప్రాంతమంతయు నల్లరాతి గుట్టల నేల. రాతికి కొదవలేదు. ఆ రాళ్ళను పట్టియుంచినది డంగుసున్నము. గుండ్రని కాలువ వంటి గాడిలో సున్నమును, ఇసుకను వేసి, ఎద్దులచే రాతిచక్రమును త్రిప్పించి మెత్తగా నూరెడువారు. బెల్లపు నీరు, కరక్కాయ కషాయము వంటివి అందు కలుపుట వాడుక. పైపూతకు వాడెడు గచ్చు మరింత మెత్తగా నూరబడి, పలుచని పొరలు పొరలుగా పూయబడెడిది. అది తడిగా నున్నప్పుడే పనివాడు లతలను, పూలను తీర్చెడువాడు. సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని ఏండ్ల తరబడి మెల్లమెల్లగా రాయివలె మారును. కమానులో ఒక్కొక్క రాయి ప్రక్కరాతిని నొక్కుచు బరువును క్రిందికి దింపును. ఇందు ఇనుము లేదు, సిమెంటు లేదు.

ఇచట నొక మాట చెప్పక తప్పదు. పాత గోడ పెచ్చులూడినచో సిమెంటుతో పూయుట మనకు అలవాటైనది. చూచుటకు శుభ్రముగనే యుండును. కాని సున్నపు గోడ ఊపిరి పీల్చు గోడ. నేలనుండి ఎక్కిన చెమ్మ దానిగుండా బయటికి పోవును. సిమెంటు పూత ఆ దారిని మూసివేయును. లోపల నిలిచిన చెమ్మతో లవణములు పేరుకొని, కొలదికాలములో పాత గచ్చు పూతతో సహా రాలిపోవును. చెరువు దాపున ఉన్న కట్టడములకు ఈ ముప్పు మరింత ఎక్కువ. భక్తితో చేసిన మరమ్మతే కట్టడమునకు చేటగుట తరచు జరుగుచున్నది. ఏ కట్టడమునకైనను బాధ్యులైన పెద్దలు మేస్త్రీని పిలుచుటకు ముందు, అతనికి సున్నపుపని తెలియునా యని అడుగుట మేలు.

చెరువునకు దక్షిణముగా సైఫాబాదు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను కొరకు 1888లో ఇచట నొక మహలు కట్టబడినది. ఆయన చూడవచ్చుచుండగా ఉడుము అడ్డము పోయెననియు, అపశకునమని తలచి కాపుర ముండలేదనియు కథ. పిదప అది ప్రభుత్వ కార్యాలయమై, సచివాలయ ఆవరణలో కలిసి, 2020లో తక్కిన భవనములతోబాటు కూల్చివేయబడినది. ఆ తావున లేచిన క్రొత్త సచివాలయము 2023లో ప్రారంభమైనది. క్రొత్తదానికి గుమ్మటములు పెట్టిరి. అసలు మహలు మాత్రము లేదు.

ఖైరతాబాదు నుండి పంజగుట్ట వైపు పోవుచు కుడియెడమల చూచినచో మిట్టపై ఇర్రం మంజిల్ కనబడును. నిజాము కొలువున మంత్రి పదవి వహించిన నవాబు ఫక్రుల్ ముల్క్ 19వ శతాబ్ది ఉత్తరార్ధమున కట్టించిన భవనమిది. 150కి పైగా గదులు కలది. ఐరోపా పద్ధతి నగిషీలు, దొరతనపు దర్జా. నిజము చెప్పవలెనన్న, కుతుబ్‌షాహీ మసీదు నిరాడంబరత ముందు ఇది కొంత అతిగా తోచును. అయినను దీని పేరు ముచ్చటైనది. మిట్ట పేరు తెలుగున ఎర్రగడ్డ. నవాబు తన మహలుకు ఇరం, అనగా ఫారసీలో స్వర్గోద్యానము, అను పేరు పెట్టెను. ఫారసీ, ఉర్దూ తెలిసినవారికి అది స్వర్గసౌధము. తెలుగువారికి ఎర్రమట్టి మిట్టమీది మంజిల్. ఎవరి చెవికి వారి అర్థము వినబడును, ఎవరిదియు తప్పు కాదు.

తరువాతి కాలమున ఇది ప్రభుత్వ కార్యాలయములకు నెలవైనది. దీనిని పడగొట్టి క్రొత్త శాసనసభ కట్టుటకు 2019 జూన్‌లో శంకుస్థాపన జరిగినది. పౌరులును, నవాబు వంశీయులును న్యాయస్థానమున కెక్కిరి. అదే సంవత్సరము సెప్టెంబరు 16న హైకోర్టు మంత్రివర్గ నిర్ణయమును కొట్టివేసినది. వారసత్వ కట్టడములను కాపాడు నిబంధనలను ప్రభుత్వము లెక్కింపలేదనుట తీర్పు సారాంశము. సైఫాబాదు మహలునకు దక్కని ఆయుర్దాయము దీనికి దక్కినది. తీర్పు కూల్చివేతను ఆపగలదు గాని కురియు కప్పును ఆపలేదు. ఆ పనికి మరల సున్నమును, దానిని ఎరిగిన మేస్త్రీని వెదకవలసినదే.