కర్కశధ్వనికి మూలమెచ్చట?

గత సంవత్సరము మన పాఠశాలలో పదవ తరగతి చదువుచుండిన ఒక బాలుడు గిటారుకొరకు వాల్వు యాంప్లిఫయరు నొకదానిని ఇంటివద్దనే నిర్మించెను. శ్రావణ పూర్ణిమనాటి మార్కండేయ రథోత్సవమున వాయించవలెనని అతని కోరిక. పాత రేడియోలనుండి తీసిన ట్రాన్స్‌ఫార్మర్లు, పాత సామానుల అంగడిలో దొరకిన రెండు వాల్వులు, ఒక రేకుపెట్టె, పెండ్లిపందిళ్లలో వాడి విడిచిన స్పీకరుపెట్టె - ఇవియే అతని సామగ్రి. యంత్రము పలికినది గాని, రేకును మేకుతో గీచినట్లు పలికినది. ఇరుగుపొరుగువారు స్పీకరుపై దుప్పటి కప్పుమనిరి. తండ్రి మాత్రము "సారూ, నాకు మంచిగనే ఇనబడుతున్నది" అనెను. ఆ మాటలోని అర్థము నాకు చాల దినముల తరువాతగాని తెలియలేదు.

దుప్పటి కప్పినచో కర్కశత్వముతోపాటు స్వరము కూడ అణగిపోవును. చద్దరుపై గీత కనబడినప్పుడు షోలాపురపు మన నేతపేటలలో ఎవరును రంగుపూసి దానిని దాచరు. నిలువుగీత యైనచో పడుగునందో, అచ్చునందో వెదకుదురు. అడ్డగీత యైనచో పేకయందు వెదకుదురు. ధ్వనిదోషమును గూడ అట్లే వెదకవలెను.

ముందుగా వాల్వు పనిచేయు విధమును తెలిసికొందము. గాలి తీసివేసిన గాజుబుడ్డిలో కేథోడు, గ్రిడ్డు, ప్లేటు అను భాగములుండును. వేడెక్కిన కేథోడునుండి ఎలక్ట్రానులు బయలుదేరి ప్లేటును చేరును. గిటారునుండి వచ్చు స్వల్పవిద్యుత్తు నడుమనున్న గ్రిడ్డుపై పడినప్పుడు, ఆ ప్రవాహము దాని ననుసరించి హెచ్చుచు తగ్గుచుండును. 1906లో అమెరికావాడైన లీ డి ఫారెస్టు ఈ గ్రిడ్డును చేర్చెను. 1947లో ట్రాన్సిస్టరు పుట్టిన పిమ్మట వాల్వులు రేడియోలనుండి క్రమముగా తొలగినవి. గిటారు వాద్యకులు పలువురు మాత్రము నేటికిని వాని నాదరించుచున్నారు. మోతాదు మించినప్పుడు వాల్వు తరంగశిఖరములను ఇంచుక గుండ్రముగా కోయుటయే ఇందుకు కారణము. శిఖరము కోసినప్పుడెల్ల క్రొత్త స్వరములు పుట్టును. 400 హెర్ట్జుల స్వరమునకు 800, 1200, 1600 మొదలగు అతిస్వరములు చేరును. వానిలో దిగువవి నాదమునకు నిండుదనము నిచ్చును. మిక్కిలి ఎగువవి చెవిని గుచ్చును.

పెట్టె తెరచుటకు ముందు తలిదండ్రులు ఒక విషయమును గుర్తుంచుకొనవలెను. లోపల సుమారు 300 ఓల్టుల విద్యుత్తుండును. ప్లగ్గు తీసిన తరువాతను ఫిల్టరు కెపాసిటర్లలో ప్రాణహాని కలిగించునంత విద్యుత్తు నిలిచియుండవచ్చును. తగిన రెసిస్టరుద్వారా దానిని ఖాళీచేసి, మీటరుతో సరిచూచిన పిదపనే చేయి పెట్టవలెను. గిటారు తీగలు రేకుపెట్టెతో కలిసియుండును గనుక, ఆ పెట్టెకు మూడుకాళ్ల ప్లగ్గుద్వారా ఎర్తు తప్పక ఉండవలెను. పని తెలిసిన పెద్దవారు దగ్గర లేనిదే పిల్లలు దీనిని తెరవరాదు. మన బాలుని యంత్రమున ఎర్తుతీగయే లేదు! ఎలక్ట్రీషియనును పిలిచి మొదట దానిని బిగించిన తరువాతనే ధ్వని సంగతి చూచితిమి.

మొదటి పరీక్ష తీగల అమరిక. ప్లేటుతీగ గ్రిడ్డుతీగను ఒరసికొని పోయినచో, పెరిగిన విద్యుత్తు కొంత వెనుకకు మరలి, యంత్రము చెవికందని వేగముతో తనలోతానే కంపించును. దానివలన వినబడు స్వరము గరుకెక్కును. తీగలను విడదీసి, మొదటి వాల్వు గ్రిడ్డువద్ద 68,000 ఓములు, చివరి వాల్వు గ్రిడ్డువద్ద 1,500 ఓముల రెసిస్టర్లను సాకెట్టుకు ఆనించి అతికించితిమి. గరుకు కొంత తగ్గెను.

రెండవది వాల్వుల నడుమనుండు కెపాసిటరు. ఇది స్వరమును పోనిచ్చి, ప్లేటుపైనున్న పెద్ద ఓల్టేజిని ఆపవలెను. పాతబడి కారినచో తరువాతి వాల్వు మితిమీరి వేడెక్కి, తరంగమును ఒకవైపున వికృతముగా కోయును. చివరి గ్రిడ్డువద్ద సున్న చూపవలసిన మీటరు 6 ఓల్టులు చూపెను. 0.022 మైక్రోఫారడుల క్రొత్తదానిని వేసితిమి.

మూడవది స్వరములో కొంతభాగమును తలక్రిందుగా వెనుకకు పంపి, దోషమును దోషముతోనే అణచు ఉపాయము. 1927 ఆగస్టు 2న హెరాల్డ్ బ్లాక్ అను ఇంజనీరు పనికిపోవుచు, హడ్సన్ నదిపై పడవలో వార్తాపత్రిక కాగితముపైననే దీనిని వ్రాసికొనెను. మేము స్పీకరు తీగనుండి 22,000 ఓములద్వారా వెనుకటి దశయందలి కేథోడునకు కలిపితిమి. దిక్కు తప్పినచో యంత్రము ఊళవేయును. అప్పుడు ట్రాన్స్‌ఫార్మరు కొనలను తారుమారు చేసిన చాలును.

నాలుగవది స్పీకరు. సాధారణముగా గిటారుపై మిక్కిలి పైమెట్టున పలుకు మూలస్వరము సైతము సుమారు 1,300 హెర్ట్జులే. గిటారుకై చేసిన స్పీకర్లు 5,000 హెర్ట్జులకు పైబడిన ధ్వనిని సహజముగనే తగ్గించును. పందిరిపెట్టెలోని చిన్నగొట్టమో, ఆ ధ్వనినే చిమ్మును. దానిని తొలగించి, ఓములు సరిపోవు సాధారణమైన కాగితపు స్పీకరును పెట్టితిమి. స్పీకరు కలుపకుండ ఇట్టి యంత్రమును నడుపరాదు, ట్రాన్స్‌ఫార్మరు చెడును.

స్వరము ఇంపైనది. కాని తండ్రి విని, "ఇప్పుడు మసకగ ఇనబడుతున్నది" అనుచు ట్రెబుల్ మీటను కొసవరకు త్రిప్పెను. బాలుడు చెవులు మూసికొనెను. అప్పుడు నాకు విషయము బోధపడినది. ఆయన ఇరువది సంవత్సరములుగా మరమగ్గమువద్ద పనిచేయుచున్నారు. నాడె కొట్టు మగ్గములశాలలో శబ్దము సామాన్యముగా 90 డెసిబెల్లులను మించును. ఏండ్ల తరబడి అందు నిలిచిన చెవి మొదట 4,000 హెర్ట్జుల ప్రాంతమున వినికిడిని కోల్పోవును. మాట వినబడును గాని స, ష వంటి అక్షరములు స్పష్టముగా తెలియవు. బాలుడు ఇన్నాళ్లును తండ్రి మెచ్చిన స్వరమునకే మీటలు త్రిప్పుచు వచ్చెను. కర్కశత్వమునకు అయిదవ మూలము యంత్రములో లేదు.

ఆయన ఆసుపత్రికి పోయి చెవులు పరీక్ష చేయించుకొనిరి. లోపము నిజమేనని తేలెను. చెడిన కెపాసిటరునకు బదులు క్రొత్తది దొరకును. ఇట్లు పోయిన వినికిడి తిరిగి రాదు. మిగిలినదానిని కాపాడుకొనుట మాత్రము మన చేతిలోనున్నది. ఆయన ఇప్పుడు చెవిబిరడాలు పెట్టుకొనియే మగ్గమువద్దకు పోవుచున్నారు. దూది ఈ శబ్దమునకు చాలదు.

తలిదండ్రులకు నా మనవి: మగ్గములశాలలో పనిచేయువారు సంవత్సరమున కొకసారి చెవులు పరీక్షించుకొనుడు. మగ్గము నడుచుచుండగా పిల్లలను దానిప్రక్కనే కూర్చుండి చదువుకొననీయకుడు. మీ బిడ్డ పాఠమును మరల మరల అడిగినచో అశ్రద్ధయని కోపించుటకు ముందు, వానికి వినబడుచున్నదో లేదో విచారింపుడు. తరగతిలో ఉపాధ్యాయులమగు మేము కూడ అట్లే చేయుదుము.