గృహఋణము – ఒంటికాలపు పొదుపు

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పిరి. సామెతలో ఇల్లే ముందున్నది. ఆ ఇంటి అప్పును త్వరగా తీర్చు మార్గమును విచారింతము.

వేలూరిలో ఉద్యోగము చేయుచు గుడియాత్తములో ఇల్లు కొన్న అవివాహితుని ఒకనిని ఊహింతము. బ్యాంకు ఋణము 20 లక్షల రూపాయలు. వడ్డీ సాలుకు నూటికి 9. గడువు 20 ఏండ్లు. నెలసరి వాయిదా సుమారు 17,995 రూపాయలు. మొదటి నెలలో అందు 15,000 వడ్డీకే పోవును. వడ్డీరేటు మారకున్నను, గడువు ముగియునాటికి వడ్డీయే 23 లక్షలు దాటును.

అతడు స్వయముగా వండుకొని, వేలూరిలో అద్దెగది తీసికొనక, గుడియాత్తము నుండి కాట్పాడికి రైలు సీజను టిక్కెట్టుతో పోవుననుకొందము. ఇట్లు మిగిలిన 5,000 రూపాయలను మొదటి నెలనుండియే అసలునకు జమకట్టినచో, ఋణము 12 ఏండ్లలోపుననే తీరును. వడ్డీలో 10 లక్షలకు పైగా మిగులును. తొలినాళ్ల రూపాయికే బలమెక్కువ.

మారుచుండు వడ్డీరేటుపై వ్యక్తులు తీసికొన్న గృహఋణమును ముందుగా తీర్చినచో బ్యాంకులు అదనపు రుసుము గొనరాదని రిజర్వు బ్యాంకు 2012లో ఆదేశించెను. వాయిదాను గాక గడువునే తగ్గింపుడని బ్యాంకునకు వ్రాసియీయవలెను. ఆపదకై కొన్ని నెలల ఖర్చును వేరుగ నుంచుకొనవలెను.

తలిదండ్రులారా! సంపాదింప మొదలిడిన కుమారునకు, కుమార్తెకు ఈ లెక్క చూపుడు. వడ్డీలెక్కలు నేర్చు పిల్లలచేతనే వేయింపుడు. పెండ్లి ఆర్భాటమునకై మరల అప్పు చేయించి, వారి పొదుపును భగ్నము చేయకుడు. ఒంటికాలము తిరిగి రాదు.