అడ్డసరము

వానలు వెలిసిన పిమ్మట మన నల్లగండ్లలో ఇండ్ల నడుమ మిగిలిన ఖాళీ స్థలములు పచ్చబడును. ఆ దినములలోనే కొందరికి తుమ్ములు, ముక్కు కారుట, కన్నుల దురద, దగ్గు ఆరంభమగును. జలుబని తలంతురు గాని యిది యొకరినుండి యొకరికి అంటునది కాదు. గాలిలోని పుప్పొడిని శరీరము శత్రువుగా భ్రమించి హిస్టమిన్ అను పదార్థమును విడుచును. దానివలన ముక్కులోని పొర ఉబ్బి నీరు కారును. దీనినే అలర్జీ యందురు.

ఇట్టి దగ్గునకు మన పెద్దలు వాడిన మొక్క అడ్డసరము. సంస్కృతమున దీనిపేరు వాస. ఇది గట్లమీదను కంచెలలోను నిలువెత్తు పెరుగును. ఆకులు ఎదురెదురుగా బల్లెపు మొనలవలె నుండును. తెల్లని పూవుల పెదవిపై ఊదా చారలు కానవచ్చును. ఆకు మిక్కిలి చేదు. 1753లో లిన్నేయసు పెట్టిన శాస్త్రనామములోని ‘అధటోడ’ యను మాట, మేక ముట్టనిదను అర్థముగల దక్షిణదేశపు పేరునుండి వచ్చినదే.

ఆకులోని వాసిసిన్ అను పదార్థము శ్వాసనాళములను సడలించి కఫమును పలుచన చేయును. దీని నాధారముగా గొనియే రసాయన శాస్త్రజ్ఞులు బ్రోమ్‌హెక్సిన్ అను దగ్గు మందును నిర్మించిరి.

అయినను ఒక భేదమును గుర్తింపవలెను. కఫమును పలుచన చేయుట వేరు. హిస్టమిన్ నాపుట వేరు. కావున అడ్డసరము దగ్గునకు ఉపశమనము నీయవచ్చును గాని తుమ్ములకును కన్నుల దురదకును దానిని నమ్మరాదు. మోతాదు మించిన వాంతులగును. గర్భాశయమును సంకోచింపజేయును గనుక గర్భిణులు దీనిని సేవింపరాదు. తల్లిదండ్రులు ముఖ్యముగా గమనింపవలసినది: ఉబ్బసముగల బిడ్డకు వైద్యుడిచ్చిన పీల్చు మందును మాన్పి కషాయమును మాత్రమే యిచ్చిన ప్రాణాపాయము కలుగవచ్చును.

మందుకన్న మూలమును తొలగించుట మేలు. అట్టి మూలములలో నొకటి వయ్యారిభామ. 1955లో పుణెయందు గుర్తింపబడిన యీ కలుపుమొక్క దేశమంతట వ్యాపించినది. దీని పుప్పొడి ముక్కునకును, స్పర్శ చర్మమునకును బాధ కలిగించును. నేల తడిగా నున్నపుడు, పూయకమున్నే, చేతితొడుగులు వేసికొని, ముక్కునకు గుడ్డ కట్టుకొని, వేళ్లతో పెరికివేయవలెను. ఉబ్బసముగల పిల్లలు ఈ పనికి దూరముగా నుండవలెను.

అభ్యాసము
1. జలుబునకును అలర్జీకిని భేదమేమి?
2. అడ్డసరము దేనికి పనిచేయును? దేనికి పనిచేయదు? కారణము వ్రాయుము.
3. మీ వీథిలో వయ్యారిభామ ఎచ్చట పెరుగుచున్నదో ముట్టక చూచి, పటము గీచి గుర్తింపుము.