సర్వరు డ్రైవు – ఇంటి కంప్యూటరు

ప్రశ్న: మైత్రీవనము చెంత సర్వరునుండి తీసిన పాత ఎస్‌ఏఎస్ హార్డ్ డ్రైవు కొంటిని. ఇంటి కంప్యూటరులోని సాటా కేబులు దానికి పట్టుటలేదు. ఏమి చేయవలెను?

జవాబు: ఎస్‌ఏఎస్ కంట్రోలరు సాటా డ్రైవును స్వీకరించును గాని, సాటా మదర్‌బోర్డు ఎస్‌ఏఎస్ డ్రైవుతో సంభాషింపనేరదు, కావుననే నిర్మాతలు ఆ కేబులు పట్టకుండునట్లు కనెక్టరు నడిమి ఖాళీని బుద్ధిపూర్వకముగా పూడ్చినారు. చౌకగా దొరకు అడాప్టరు ముక్కలు ఆకారమును కలుపునే గాని ఆ సంభాషణమును కల్పింపజాలవు, వానిని కొనకుడు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటులో నమరు ఎస్‌ఏఎస్ కంట్రోలరగు హెచ్‌బీఏ కార్డును, తగిన కేబులును సంపాదింపుడు. సర్వరులందలి తీవ్రమగు వాయుప్రసారమునకై నిర్మింపబడిన ఆ కార్డు ఇంటి క్యాబినెట్టులో మిక్కిలి వేడెక్కును గనుక, చిన్న ఫ్యాను తప్పక అమర్చుడు. అప్పటికిని డ్రైవు కనబడియు వినియోగమునకు రాకున్నచో, సెక్టారు 512 బైట్లకు మారుగా 520 బైట్లుగా నున్నదేమో పరీక్షింపుడు. లైనక్సులో ఎస్‌జీ‌_ఫార్మాట్ (sg_format) ఆదేశముతో దానిని మార్చవచ్చును. అందులకు గంటలకొలది కాలము పట్టును, నడుమ విద్యుత్తు పోరాదు, డ్రైవులోని సమాచారమంతయు నశించును.