కూర్చొని నడుపు పచ్చిక కోత యంత్రము - ఇంజనును ఆపు విధానము

కోత ముగియగానే, ఇంజను పూర్తి వేగముతో తిరుగుచుండగా తాళం తిప్పి ఆపుట పలుచోట్ల కనిపించును. స్పార్కు ఆగినను క్రాంక్ షాఫ్టు మరికొన్ని చుట్లు తిరుగును. ఆ వ్యవధిలో పీల్చబడిన పెట్రోలు మండక వేడి సైలెన్సరును చేరి, అక్కడ అంటుకొని తుపాకీవలె పేలును. క్రమముగా సైలెన్సరు దెబ్బతినును. సాధారణ కార్బురేటరు గల యంత్రములో ముందుగా బ్లేడ్లను ఆపి, థ్రాటిల్ తగ్గించి, అర నిమిషము నడిపిన పిదప తాళం తిప్పవలెను.

కార్బురేటరు అడుగున సోలెనాయిడు వాల్వు ఉన్న ఇంజనులు వేరు. తాళం తిప్పగానే అది పెట్రోలు దారిని మూయును. వీటిలో కొన్నింటిని థ్రాటిల్ సగమునకు పైన ఉంచియే ఆపవలెనని తయారీదారులు సూచింతురు. కావున శిక్షణలో ఒకే నియమము చెప్పక, ముందు కార్బురేటరును చూపుట మేలు. వాల్వు ఉండియు పేలుడు వినిపించినచో, అది సరిగా మూసుకొనుట లేదని అనుమానింపవలెను.